పసివారి తొలి లెక్కలు

అయిదేండ్ల బిడ్డ ఒకటి మొదలు నూరు వరకు తడబాటు లేక అప్పగించినచో ఇంటిల్లిపాదికిని పండుగవలె నుండును. చుట్టములు వచ్చినపుడు బిడ్డను నడుమ నిలువబెట్టి, "ఏదీ, అంకెలు చెప్పు తల్లీ" అని అడుగుదురు. బిడ్డ గడగడ చెప్పును. అందరును మెచ్చుకొందురు. ఆ మెప్పును కాదనుట మా యుద్దేశము కాదు. కాని అప్పగించుట వేఱు, లెక్కించుట వేఱు అను సంగతి పెద్దలలో పలువురకు తోచదు. ఈ రెంటికి నడుమ నున్న దూరమును బిడ్డ ఎట్లు దాటునో, ఎచ్చట కాలు జారునో, పెద్దవారు ఎచ్చట చేయి అందింపవలెనో ఈ ప్రసంగమున విచారింతము.

ఇది తేలికగా త్రోసివేయదగిన విషయము కాదు. గ్రామములలో ఇంటింటికి పోయి పిల్లల చదువును పరీక్షించు 'అసర్' నివేదికను చూచినచో, 2022లో దేశమంతట మూడవ తరగతి పిల్లలలో నూటికి సుమారు 26 మంది మాత్రమే రెండంకెల తీసివేతను చేయగలిగిరి. 2024లో ఆ సంఖ్య 34కు సమీపించినది. పెరుగుదల సంతోషకరమే. అయినను ప్రతి ముగ్గురిలో ఇద్దరు ఆ మెట్టు నెక్కలేకపోయిరి. బడి ఆ యిద్దరి కొరకు ఆగదు. మరుసటి యేడు భాగహారము వచ్చును, ఆపై భిన్నములు వచ్చును. క్రింది మెట్టు లేనివాడు పై మెట్టునకు ఎగురలేక, "నాకు లెక్కలు రావు" అని ఎనిమిదేండ్లకే తీర్మానించుకొనును. ఆ తీర్మానము పలువురిని జీవితాంతము విడువదు.

మొదట లెక్కించుట యనగా నేమో చూతము. నేల మీద ఏడు చింతపిక్కలను వరుసగా పెట్టి లెక్కపెట్టుమన్నచో బిడ్డ మూడు పనులను ఒక్కమారే చేయవలసియున్నది. ఒక్కొక్క పిక్కకు ఒక్కొక్క అంకెనే ఈయవలెను. దేనిని విడువరాదు, దేనిని రెండుమార్లు తాకరాదు. అంకెలను ఎల్లప్పుడును ఒకే క్రమమున పలుకవలెను. తుదకు పలికిన 'ఏడు' అనునది చివరి పిక్క పేరు కాదనియు, అది మొత్తము రాశి యొక్క పరిమాణమనియు గ్రహింపవలెను. అమెరికా దేశపు మనస్తత్వవేత్తలు గెల్మన్, గాలిస్టెల్ అనువారు 1978లో ప్రకటించిన గ్రంథమున ఈ మూడింటికి మరి రెంటిని చేర్చిరి. లెక్కించుటకు ఏ వస్తువైనను పనికివచ్చును. ఏ కొసనుండి ప్రారంభించినను మొత్తము మారదు. పెద్దలకు ఇవి చెప్పనక్కరలేని మాటలు. బిడ్డకు మాత్రము ఒక్కొక్కటియు ఒక్కొక్క క్రొత్త సత్యము.

బిడ్డ ఈ సత్యములను పట్టుకొన్నదో లేదో తెలిసికొనుటకు పరీక్షాపత్రము అక్కరలేదు. పిక్కలను లెక్కించి ముగింపగనే, "మొత్తము ఎన్ని?" అని అడుగుడు. తెలిసిన బిడ్డ "ఏడు" అనును. తెలియని బిడ్డ మరల మొదటినుండి లెక్కించును. "ఎన్ని?" అను ప్రశ్నకు లెక్కించుటయే జవాబని ఆ బిడ్డ భావించుచున్నది. మరియొక విధమున, గుప్పెడు పిక్కలు ముందుంచి, "నాకు అయిదు ఇయ్యి నాన్నా" అని అడుగుడు. ఇరువది వరకు అప్పగింపగల బిడ్డయు చేతికి వచ్చినన్ని తీసి యిచ్చుట కద్దు. అట్టి బిడ్డను మందలింపవలదు. భోజనమునకు ఎందరము కూర్చుందుము, కంచములు ఎన్ని కావలెను, మంచినీళ్ళ గ్లాసులు ఎన్ని కావలెను అని రోజూ ఆ బిడ్డచేతనే తెప్పించినచో కొలది దినములలో ఆ ముడి విడిపోవును. ఒక కంచము తక్కువైనచో తక్కువైనదని బిడ్డకే తెలియును, మనము చెప్పనక్కరలేదు.

స్విట్జర్లాండు దేశీయుడైన పియాజే 1941లో ప్రకటించిన గ్రంథమున వర్ణించిన పరీక్ష యొకటి ప్రసిద్ధమైనది. రెండు వరుసలలో సమానసంఖ్యలో వస్తువుల నుంచి, ఒక వరుసలోని వస్తువులను దూరదూరముగా జరిపినచో, అయిదేండ్ల బిడ్డలు పలువురు పొడుగైన వరుసలోనే ఎక్కువ వస్తువులున్నవని చెప్పుదురు. కంటికి కనబడు పొడవు వారి మనస్సులోని సంఖ్యను ఓడించుచున్నది. ప్రశ్నను అడుగు తీరును బట్టి జవాబులు మారునని తరువాతి పరిశోధకులు చూపిరి. అయినను ఇందలి పాఠము గృహస్థులకు ఉపయోగకరమే. వస్తువులు చెదరినను, కుప్పపడినను, సంచిలో దాగినను సంఖ్య మారదను నమ్మకము పుట్టుటకు కాలము పట్టును. ఆ నమ్మకము పుట్టిన పిదపనే కూడిక, తీసివేతలకు అర్థము కలుగును.

ఇచ్చట మన తెలుగు భాష బిడ్డకు చేయు ఉపకారమును చెప్పుకొనవలెను. ఇరవై, ముప్పై, నలభై అని మనము వాడుకలో పలుకు మాటలకు గ్రంథములలోని రూపములు ఇరువది, ముప్పది, నలువది. ఇరువది యనగా రెండు పదులు. ముప్పది యనగా మూడు పదులు. ఏబది, అరువది, డెబ్బది, ఎనుబది, తొంబది అనువానిలోను ఆ పదియే తోకగా నిలిచినది. పదమూడు, పదునాలుగు, పదహారు అనునపుడు పది ముందు, ఒకట్లు వెనుక వచ్చును. వ్రాతలోను ఆ వరుసయే. ఇరువది దాటిన పిమ్మట ఇక చిక్కే లేదు: ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇట్లే తొంభై తొమ్మిది వరకు.

ఆంగ్లమున అట్లు కాదు. 'ఎలెవన్', 'ట్వెల్వ్' అను మాటలలో పది వినబడనే వినబడదు. 'ఫోర్టీన్' అనునపుడు నాలుగు ముందు, పది వెనుక. ఆ మాటను విని వ్రాయు పసిబిడ్డ మొదట 4, తరువాత 1 వేసి 41 చేయుట ఉపాధ్యాయు లందరును ఎరిగినదే. 'ఫోర్టీన్', 'ఫోర్టీ' అను రెండును చెవికి ఒక్కటిగా తోచుట మరియొక చిక్కు. హిందీలోనైతే నూటి వరకు దాదాపు ప్రతి అంకెకును ప్రత్యేకమైన రూపమున్నది; ఇరవై తొమ్మిదిని 'ఉన్తీస్' అందురు, అనగా ముప్పదికి ఒకటి తక్కువ. చైనా భాషలో పదకొండును 'పది ఒకటి' అనియే పలుకుదురు. అక్కడి పిల్లలు పది దాటిన అంకెలను అమెరికా పిల్లలకంటె త్వరగా పట్టుకొనుచున్నారని పరిశోధకులు గమనించిరి.

మన బిడ్డలలో ఎందరో నేడు ఆంగ్లమాధ్యమమున చదువుచున్నారు. బడిలో ఏ భాష యైనను, ఇంటిలో అంకెలను తెలుగులో కూడ పలికించుట మేలని మేము విన్నవించుచున్నాము. ఇది భాషాభిమానము చేత మాత్రమే చెప్పుట కాదు. "థర్టీ ఫోర్ అంటే ముప్పై నాలుగు, అంటే మూడు పదులు, నాలుగు ఒకట్లు" అని ఒక్కమారు విన్న బిడ్డకు అంకెల లోపలి కట్టుబడి కంటికి కనబడును.

ఆ కట్టుబడినే స్థానవిలువ యందురు. ప్రాథమిక గణితమున ఇంతకంటె ముఖ్యమైన భావము లేదు. 3 అను గుర్తు ఒకట్ల చోటనున్న మూడు, పదుల చోటనున్న ముప్పది, వందల చోటనున్న మూడు వందలు అగును. ఏమియు లేని చోటును కాపాడుటకు సున్న కావలెను. ఈ పద్ధతి భారతదేశమున పుట్టి ప్రపంచమంతట వ్యాపించినది. సున్నతో కూడిక, తీసివేత, గుణకారములు చేయు నియమములను బ్రహ్మగుప్తుడు 628లో రచించిన బ్రాహ్మస్ఫుట సిద్ధాంతమున నిర్దేశించెను. మహావీరాచార్యుని సంస్కృత గణితసారసంగ్రహమును మన పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. పండితులు శతాబ్దములపాటు సాధించిన దానిని ఆరేండ్ల బిడ్డ ఒక్క యేడులో పట్టుకొనవలెనని మనము కోరుచున్నాము. కొంత ఓర్పు వహించుట న్యాయము.

"రెండు వందల నాలుగు వ్రాయుము" అన్నచో రెండవ తరగతి బిడ్డ 2004 అని వ్రాయుట కద్దు. పెద్దలు నవ్వుదురు, లేదా కసరుదురు. కాని ఆ బిడ్డ విన్నది విన్నట్లే వ్రాసినది: రెండు వందలు అనగా 200, దాని ప్రక్కన 4. ఆ తప్పులో ఒక ఆలోచన యున్నది. దానిని సరిదిద్దుటకు చీపురుపుల్లలు చాలును. పుల్లలను సమముగా విరిచి, పదేసి పుల్లలను దారముతో కట్టుడు. అట్టి కట్టలు పదింటిని చేర్చి పెద్దమోపు కట్టుడు. ఇపుడు రెండు మోపులు, విడిపుల్లలు నాలుగు బిడ్డ ముందుంచి, "కట్టలు ఎన్ని?" అని అడుగుడు. "కట్టలు లేవు." "లేవని ఎట్లు వ్రాయుదుము?" బిడ్డ తనంత తానే నడుమ ఒక్క సున్నను పెట్టును. 1939లో మన దేశమునకు వచ్చి మదరాసు అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చిన మాంటిస్సోరి తల్లి విధానమున దీనికే బంగారువన్నె పూసలు వాడుదురు. విడిపూస ఒకటి, పది పూసల కడ్డీ, నూరు పూసల చదరము, వేయి పూసల ఘనము. వేయి ఎంత పెద్దదో బిడ్డ చేతితో మోసి తెలిసికొనును. పూసలు లేని యింట పుల్లలును ఆ పనినే చేయును.

ఇక కూడిక. బిడ్డ కూడిక నేర్చుటలో మూడు దశలున్నవి. 8కి 5 కలుపుమన్నచో మొదటి దశలో ఎనిమిదిని లెక్కించి, అయిదును లెక్కించి, రెంటిని చేర్చి మరల ఒకటి మొదలు పదమూడు వరకు లెక్కించును. రెండవ దశలో ఎనిమిదిని మనస్సున నిలిపి, తొమ్మిది, పది, పదకొండు అని ముందుకు సాగును. మూడవ దశలో అయిదులోని రెంటిని ఎనిమిదికి ఇచ్చి పది చేసి, మిగిలిన మూడును చేర్చి పదమూడు అనును. ఈ మూడవ దశ వచ్చిన బిడ్డకు లెక్క ఆటయగును. దానికి ముందు పదిని జంటలుగా విడదీయుట అలవడవలెను: తొమ్మిదికి ఒకటి, ఎనిమిదికి రెండు, ఏడుకు మూడు, ఆరుకు నాలుగు, అయిదుకు అయిదు. పది పిక్కలను రెండు గుప్పిళ్ళలో పంచి, ఒక గుప్పిలి తెరచి రెండవదానిలో ఎన్ని యున్నవో చెప్పుమనుట ఇందుకు చక్కని ఆట.

వ్రేళ్ళ మీద లెక్కించుటను కొందరు తప్పుగా నెంచి బిడ్డ చేతులను వెనుకకు కట్టుకొమ్మందురు. ఇది సరికాదు. వ్రేళ్ళు బిడ్డకు ప్రకృతి యిచ్చిన పలక. పదిని జంటలు చేయుట వచ్చిన పిదప అవి వాటంతట అవియే విశ్రమించును.

తీసివేత మరింత సున్నితమైనది. పేరు ఒకటే యైనను దానిలో మూడు వేర్వేరు ప్రశ్నలున్నవి. తొమ్మిది మామిడిపండ్లలో ఆరు తినినచో మిగిలినవెన్ని? బొమ్మల కొలువులో ఆరు బొమ్మలున్నవి, తొమ్మిది కావలెనన్న ఇంకెన్ని? అక్క వద్ద తొమ్మిది గోళీలు, తమ్ముని వద్ద ఆరు, అక్క వద్ద ఎన్ని ఎక్కువ? మూడింటికిని జవాబు మూడే. కాని పసిమనస్సునకు ఇవి మూడు కథలు. కడపటి ప్రశ్నలో 'ఎక్కువ' అను మాట వినబడగనే పలువురు పిల్లలు కూడివేసి పదునైదు అందురు. మాటను బట్టి కాక కథను బట్టి లెక్క చేయుట నేర్పవలెను. బొమ్మ గీసి చూపినచో, లేక గోళీలను జతజతలుగా ఎదురెదురుగా పేర్చి చూపినచో, జతలేని మూడు గోళీలు తామే జవాబు చెప్పును.

అసర్ పరీక్షలో పిల్లలు తడబడినది ఇట్టి తీసివేత యందే: 52 నుండి 27 తీసివేయుము. తరచుగా వచ్చు తప్పు జవాబు 35. బిడ్డ ఏమి చేసినది? ఒకట్లలో రెండునుండి ఏడు పోదు కనుక ఏడునుండి రెంటిని తీసి అయిదు వేసినది. పదులలో అయిదునుండి రెంటిని తీసి మూడు వేసినది. పెద్దదానినుండి చిన్నదానిని తీయవలెనని మనము చెప్పిన నియమమునే పాటించినది. మనము వెంటనే "ప్రక్కయింట ఒకటి అప్పు తెచ్చుకో" అందుము. ఈ మాట అర్థము కాని బిడ్డలెందరో యున్నారు. తెచ్చినది ఒకటి కదా, అది పది ఎట్లాయెను? అప్పు తెచ్చినచో తిరిగి ఎప్పుడు ఈయవలెను? బిడ్డ అడుగకపోయినను ఈ ప్రశ్నలు న్యాయమైనవే.

నిజమునకు జరుగునది అప్పు కాదు, చిల్లర మార్చుట. అయిదు పదిరూపాయల నోట్లు, రెండు రూపాయి నాణెములు బిడ్డ చేతికిచ్చి, ఇరవై యేడు రూపాయలు ఇమ్మని అడుగుడు. రెండు నోట్లు ఇచ్చును. ఏడు నాణెములు కావలెను, ఉన్నవి రెండే. "ఇపుడేమి చేయుదువు?" అన్నచో, అంగడికి పోయిన అనుభవము గల ఏ బిడ్డయైనను "ఒక నోటు మార్చుదును" అనును. నోటు పది నాణెములాయెను. చేతిలో నాణెములు పన్నెండాయెను. ఏడు ఈయగా అయిదు మిగులును. నోట్లు రెండు మిగులును. ఇరవై అయిదు. తరువాత ఆ పనినే పలక మీద వ్రాసి చూపవలెను. కూడికలోను ఇంతే. 47కు 38 కలుపగా కొందరు పిల్లలు 715 అని వ్రాయుదురు. ఏడు పదులు, పదునైదు ఒకట్లు అని వారి భావము. పదునైదు నాణెములలో పదింటిని ఒక నోటుగా మార్చుమన్నచో 85 వచ్చును.

ఎక్కముల మాట చెప్పక ఈ ప్రసంగము ముగియదు. వెనుకటి వీధిబడులలో ఎక్కములను రాగయుక్తముగా వల్లింపజేయుచుండిరి. ఆ వల్లెవేతను పూర్తిగా త్రోసిపుచ్చుట నేటి కొందరి వాడుక. అదియే చదువనుకొనుట మరికొందరి వాడుక. మేము రెంటికిని నడుమ నిలుచుచున్నాము. నాలుకమీద ఎక్కమున్న బిడ్డకు భాగహారమున శ్రమ తగ్గును, నిజమే. కాని మూడేసి గింజలు ఏడు వరుసలుగా పేర్చి చూడని బిడ్డకు "మూడేళ్ళు ఇరవై యొకటి" అనునది అర్థము లేని పాటయే. ఆ గింజలనే ప్రక్కనుండి చూచినచో ఏడేసి గింజలు మూడు వరుసలు. కావున మూడేళ్ళును, ఏడు మూళ్ళును ఒక్కటే.

ఈ ఒక్క సంగతి తెలిసినచో బరువు ఎంత తగ్గునో చూడుడు. ఒకటి మొదలు పది ఎక్కముల వరకు పదేసి చొప్పున నూరు లబ్ధములున్నవి. తారుమారు చేసినను మారవు కనుక వేర్వేరుగా నేర్వవలసినవి 55 మాత్రమే. ఒకటి, రెండు, అయిదు, పది ఎక్కములు పిల్లలకు సులభముగా వచ్చును. వానిని తీసివేయగా మిగిలినవి 21. తొమ్మిదవ ఎక్కమునకును ఉపాయమున్నది: తొమ్మిదేళ్ళు కావలెనన్న పదేళ్ళు డెబ్బది, అందులో ఏడు తీయగా అరవై మూడు. ఇక నిజముగా కంఠస్థము చేయవలసినవి 15. వారమునకు ఒక్కటి చొప్పున నేర్చినను నాలుగు నెలలలో ముగియును. నూరింటిని ఒక్కమారు నెత్తిన వేయుటకంటె ఇది సులభము కదా.

భిన్నములకు వంటయిల్లే తొలి పాఠశాల. మన పూర్వపు కొలతలు సగములు చేయుచు కట్టినవి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణెములు వచ్చువరకు రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. ఆనాటి బిడ్డ కూడికలో పండ్రెండు వద్ద ఒకమారు, పదునారు వద్ద ఒకమారు మార్పు చేయవలసివచ్చెడిది. నేటి బిడ్డకు అంతటను పదియే. ఇది గొప్ప సౌకర్యము. అయినను పావు, అర, ముప్పావు అను మాటలు మన నోట నేటికిని నిలిచియున్నవి. పావుకిలో 250 గ్రాములు, ముప్పావుకిలో 750 గ్రాములు అని కూరగాయల అంగడిలో విన్న బిడ్డకు నాలుగింట మూడు వంతుల భావము ముందే కలుగును. ఒక దోసెను నలుగురికి పంచుమన్నచో అది భిన్నమే.

పాతయాటలును లెక్కల పాఠములే. వామనగుంటలలో గుంటకొక గింజ చొప్పున వేయుచు పోవుట మొదట చెప్పిన ఒక్కొక్కదానికి ఒక్కొక్క అంకె యను సూత్రమునకు అభ్యాసము. వైకుంఠపాళిలో 24వ గడినుండి అయిదు పడినచో ఏ గడికి పోవుదునో ముందుగనే చెప్పుమన్నచో అది కూడిక. మెట్టుమెట్టునకు కదపక నోట చెప్పగలిగిననాడు బిడ్డ రెండవ దశ దాటినదని తెలిసికొనవచ్చును.

కేంద్రప్రభుత్వము 2021 జులైలో ప్రారంభించిన నిపుణ్ భారత్ పథకము తరగతుల వారీగా లక్ష్యములను పెట్టినది. మొదటి తరగతి ముగియునప్పటికి 99 వరకు, రెండవ తరగతికి 999 వరకు, మూడవ తరగతికి 9999 వరకు అంకెలను చదివి వ్రాయవలెను. మొదట సులభమైన కూడిక, తీసివేతలు, మూడవ తరగతిలో సులభమైన గుణకారపు లెక్కలు రావలెను. ఈ జాబితాను చూచి తలిదండ్రులు ఆరేండ్ల బిడ్డచేత వేలు వ్రాయింప తొందరపడనక్కరలేదని మేము దీనిని ఉదాహరించితిమి. మూడేండ్ల గడువున్నది. ఒక్కొక్క మెట్టు గట్టిపడినచో పై మెట్టు తానే వచ్చును.

ఇంటిలో వినబడు మాటలను గూర్చి ఒక్క మనవి. "మన వంశమున లెక్కలెవరికి వచ్చినవి కనుక!" అని నవ్వులాటకైనను బిడ్డయెదుట అనరాదు. ప్రక్కింటి బిడ్డతో పోల్చరాదు. మొద్దు అను మాట పసిచెవిని పడినచో అది ఏ స్థానమున వ్రాసికొనునో మనము చెరిపివేయలేము. ఆడపిల్లకు లెక్కలు రాకున్నను ఫరవాలేదనుట అంతకంటె అన్యాయము.

జవాబు తప్పైనపుడు "తప్పు" అనుటకు ముందు "ఎట్లా చేశావు నాన్నా?" అని అడుగుడు. 2004 వెనుకను, 35 వెనుకను, 715 వెనుకను ఒక్కొక్క ఆలోచన యున్నదని చూచితిమి. బిడ్డ తన దారిని నోటితో చెప్పునపుడే సగము తప్పులు తామే దిద్దుకొనును. మిగిలిన సగము ఎచ్చట నున్నదో మనకు తెలియును. జవాబు సరియైనపుడును అదే ప్రశ్న అడుగవలెను. లేనిచో, ఆ ప్రశ్న వినబడినచో తప్పు చేసితిమని బిడ్డ కనిపెట్టును. దినమునకు పది నిమిషములు, గుప్పెడు పిక్కలు, కొన్ని పుల్లలు, కొంత చిల్లర, ఈ ఒక్క ప్రశ్న: ఇంతకుమించి మేము ఏ యింటిని అడుగుట లేదు.